‘జేవాకింగ్’ మాటను పత్రికలు మానుకోవాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పాదచారుల మరణాల మీద మీ నగర పేజీలో ఇటీవల వచ్చిన కథనంలో ‘జేవాకింగ్’ అన్న మాట శీర్షికలోనూ, లోపలా పదేపదే కనిపించింది. సిగ్నల్ పడకముందే గానీ, జీబ్రా గీతలు లేనిచోట గానీ రోడ్డు దాటడాన్ని చెప్పడానికి ఇంగ్లిషు పత్రికల నుంచి మన పత్రికల్లోకి దిగిన మాట అది. ఏదో చట్టంలోని సాంకేతిక పదమని చాలామంది అనుకుంటారు. అది పుట్టడమే తిట్టుగా పుట్టింది. ఆ తిట్టును ఎవరు ఎవరి మీద ఎందుకు ప్రయోగించారో తెలిస్తే మీ విలేఖరులు దాన్ని ఇంత అలవోకగా రాయరని నా నమ్మకం.

‘జే’ అనేది గోలగా అరిచే ఒక పిట్ట పేరు. అమెరికా వాడుకలో అదే పట్నం పోకడలు తెలియని పల్లెటూరివాణ్ణి వెక్కిరించే మాటైంది. మన ‘బైతు’ లాంటిది. ఆ వెక్కిరింత మొదట తగిలింది బండి నడిపేవారికే! 1905 నాటికే కాన్సస్ రాష్ట్రపు పత్రికలు రోడ్డుకు ఏ పక్కన పోవాలో తెలియనివారిని ‘జే డ్రైవర్లు’ అని ఎద్దేవా చేశాయి. కాలిబాట మీద పద్ధతి లేకుండా ఎదుటివారికి అడ్డుపడుతూ నడిచేవారిని ‘జే వాకర్లు’ అనడం ఆ తర్వాత వచ్చింది. అంటే అప్పటికి అది మర్యాదకు సంబంధించిన మాటే. 1915లో న్యూయార్క్ పోలీసు కమిషనర్ ఆర్థర్ వుడ్స్ రోడ్డు దాటేవారి మీద ఆ మాట వాడితే, ఇంత నీచమైన పేరు పెడతారా అని న్యూయార్క్ టైమ్స్ అభ్యంతరం చెప్పింది.

ఆ అభ్యంతరం పదేళ్లయినా నిలవకపోవడానికి కారణం కార్ల వ్యాపారమే. అప్పటిదాకా అమెరికా నగరాల్లో వీధి అందరిదీ: పిల్లలు ఆడుకునేవారు, బండ్ల మీద సరుకులు అమ్మేవారు, జనం ఎక్కడ కావాలంటే అక్కడ దాటేవారు. కార్లు పెరిగి మనుషులు చనిపోతుంటే తప్పు కారుదేనని పత్రికలూ, ప్రజలూ ఒకే గొంతుతో అన్నారు. 1923లో సిన్సినాటీ నగరంలో, కార్లు గంటకు 25 మైళ్లు దాటి పోకుండా ఇంజిన్లకే పరికరం బిగించాలని 42,000 మంది సంతకాలు చేశారు. కార్ల వ్యాపారులు బెంబేలెత్తి పెద్ద ప్రచారం నడిపి, ఆ నవంబరు ఓటింగులో ప్రతిపాదనను ఓడించారు. ఆ తర్వాత పరిశ్రమ చేసిన పని పత్రికలవారు తప్పక తెలుసుకోవలసింది. కార్ల తయారీదారుల సంఘం ఒక ఉచిత వార్తాసేవ పెట్టింది. ప్రమాదం వివరాలు నాలుగు ముక్కలు పంపితే చాలు, అచ్చుకు సిద్ధమైన కథనం తిరిగి వచ్చేది; అందులో తప్పు చాలావరకు నడిచేవారి మీదికే పోయేది. ఈ సంగతులన్నీ తవ్వి తీసిన చరిత్రకారుడు పీటర్ నార్టన్. ఇంకోపక్క, బాయ్ స్కౌట్లు వీధి మధ్యలో దాటేవారి చేతుల్లో హెచ్చరిక కార్డులు పెట్టారు. 1924లో న్యూయార్క్ భద్రతా ప్రదర్శనలో ఒక విదూషకుణ్ణి నెమ్మదిగా కదిలే ఫోర్డు కారు వెనకనుంచి పదేపదే గుద్దుతుంటే జనం నవ్వుకున్నారు. మరుసటి ఏడాది లాస్ ఏంజెలెస్ కఠినమైన ట్రాఫిక్ నిబంధనలు తెచ్చింది, మిగతా నగరాలు ఆ దారి పట్టాయి. మర్యాద తప్పడం కాస్తా నేరమైపోయింది.

అక్కడ ఆ మాటతోపాటు రోడ్డు దాటేందుకు గీతలూ, నడిచేవారికి సిగ్నళ్లూ వచ్చాయి. మనకు మాట ఒక్కటే ముందొచ్చింది. మా కాలనీ ఎదుట ప్రధాన రోడ్డు మీద డివైడర్‌లో ఉన్న సందును ఇనుప కంచెతో మూసేశారు. దాటాలంటే ఫుటోవర్ బ్రిడ్జి దాకా నడవాలి. దాని లిఫ్టు తరచూ పనిచేయదు, ఫుట్‌పాత్ మీద బైకులు నిలిపి ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ కూరగాయల సంచితో ఆ కంచె విరిగినచోట దూరి వస్తే, ఆమెను బైతు అనడానికి మనకు నోరెలా వస్తుంది? ఫోను చూసుకుంటూ వాహనాలకు అడ్డం వచ్చేవారు లేరని నేననను. అలాంటివారి నిర్లక్ష్యాన్ని నిర్లక్ష్యమనే రాయవచ్చు, తెలుగులో ఆ మాటకు కొరత లేదు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో దాదాపు ఐదో వంతు నడిచి వెళుతున్నవారే. పాదచారుల కదలికలను నియంత్రించే నిబంధనలు చేసే అధికారాన్ని 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రాష్ట్రాలకు ఇచ్చింది. ఆ నిబంధనల్లో ఏ భాష ఉండాలో, తప్పును ఎక్కడినుంచి లెక్కించాలో తేల్చేటప్పుడు పత్రికలు అలవాటు చేసిన మాటలే అధికారుల నోట వస్తాయి. ఫుట్‌పాత్ హక్కు రాజ్యాంగం 21వ అధికరణలో (జీవించే హక్కులో) భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పిన సంగతికి మాత్రం, నాకు తెలిసినంతలో, పత్రికల్లో ‘జేవాకింగ్’ మాటకు దొరికినంత చోటు దొరకలేదు.

ఆ మాట పుట్టిన దేశమే ఇప్పుడు వెనక్కి తగ్గుతోంది. కాలిఫోర్నియాలో 2023 నుంచి, తక్షణ ప్రమాదం లేనప్పుడు రోడ్డు దాటినందుకు పోలీసులు జరిమానా వేయడానికి వీల్లేదు. న్యూయార్క్ నగరం కూడా ఆ నేరాన్ని రద్దు చేసింది. 2023లో అక్కడ అలాంటి చలానాల్లో 90 శాతానికి పైగా నల్లజాతివారికీ, లాటినోలకూ (లాటిన్ అమెరికా మూలాలున్నవారికీ) వెళ్లాయని తేలడం అందుకొక కారణం. బ్రిటన్‌లో మోటార్‌వేల (వేగంగా పోయే వాహనాలకే కేటాయించిన రహదారుల) మీద తప్ప, రోడ్డు దాటడాన్ని సాధారణంగా నేరంగా చూడరు.

కాబట్టి మీ పత్రిక ఈ మాటను వాడుక నుంచి తీసేయాలని కోరుతున్నాను. ప్రమాద వార్తలో దాని బదులు మూడు సంగతులు రాయించండి: దగ్గరలోని జీబ్రా గీతలు ఎంత దూరంలో ఉన్నాయి, సిగ్నల్ పనిచేస్తోందా, వాహనం ఎంత వేగంతో వచ్చింది.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
హైదరాబాద్