డ్యాం పగలగొట్టిన బాంబు గురించి రాశారు, డ్యాం కింద ఊళ్ల సంగతేది?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న కాక అటు మొన్న ఆదివారం మీ అనుబంధంలో, రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ విమానాలు జర్మనీ డ్యాములు పగలగొట్టడానికి వేసిన, నీళ్ల మీద గెంతే బాంబు గురించి రెండు పేజీల నిండా వేశారు కదా, అది చదివిన దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదండీ. ఆ రోజే రాద్దామనుకున్నా, కంటి ఆపరేషన్ అయింది, డాక్టరు కాగితం ముందు కూర్చోవద్దన్నారు, అలా పన్నెండు రోజులు గడిచిపోయాయి. నేను ఇరిగేషన్‌లో ముప్పై మూడేళ్లు చేసి రిటైరైన మనిషిని, అందులో పదకొండేళ్లు డ్యాం మీదే ఉన్నా, కాబట్టి డ్యాం పగలడాన్ని మీరు పండగ వార్తలా రాస్తే చదివి ఊరుకోవడం నావల్ల కాలేదు.

ముందు తప్పులు చెప్తాను. బాంబు వచ్చి గోడకి కొట్టుకుని పేలింది అని రాశారు. అలా పేలితే ఆ గోడకి గీతపడేది అంతే. జర్మనీలో ఆ బాంబుతో పగలగొట్టిన మోనే డ్యాం 40 మీటర్ల ఎత్తు, అడుగున 34 మీటర్ల మందం, అంతా రాతికట్టడం, మన నాగార్జునసాగర్ లాగే తన బరువుతోనే నీళ్లని ఆపుకునే గోడ. దానికి పైన గాలిలో ఎంత పేల్చినా దెబ్బ గాలిలోకే పోతుంది. ఆ బాంబు తయారుచేసిన బార్న్స్ వాలిస్ అనే బ్రిటిష్ ఇంజనీరు పట్టుకున్న కిటుకు ఏంటంటే బాంబు గోడని ఆనుకుని నీళ్లలోకి 30 అడుగులు దిగి అప్పుడు పేలాలి, అప్పుడు చుట్టూ ఉన్న నీళ్లే దెబ్బని బయటికి పోనివ్వకుండా గోడ మీదకి తోస్తాయి. దీన్ని వేల్స్‌లో వాడకంలో లేని ఒక చిన్న డ్యాం మీద 1942లో పరీక్ష చేసి చూశారు, దూరంగా పేల్చినప్పుడు పగల్లేదు, ఆనించి పేల్చినప్పుడు మధ్యలో గోడ ఊడిపోయింది. ఇంజనీరింగ్ అంతా ఇక్కడే ఉంది, ఇదే మీరు వదిలేశారు.

మరి గోడ దాకా ఎలా చేర్చాలి, నీళ్లలో టార్పెడోలు రాకుండా జర్మన్లు వలలు కట్టి ఉంచారు కదా. అందుకే గెంతించడం. చిన్నప్పుడు చెరువుగట్టు మీద పెంకుముక్క ఏరుకుని పక్కకి వంగి విసిరేవాళ్లం, కప్పలా నాలుగైదు గెంతులేసి మునిగేది, అదే సూత్రం. వాలిస్ కూడా ఇంటి పెరట్లో తొట్టినిండా నీళ్లు పోసి పిల్లల గోళీలతో మొదలుపెట్టాడు. నాలుగు టన్నులు దాటిన డ్రమ్ములాంటి బాంబు, దాన్ని విమానం కిందే నిమిషానికి 500 చుట్లు వెనక్కి తిప్పి వదిలేవాళ్లు, వెనక్కి తిరగడం వల్ల గెంతులు సాగుతాయి, పైగా గోడకి తగిలాక వెనక్కి పోకుండా గోడనే రాసుకుంటూ కిందికి దిగుతుంది. చీకట్లో నీళ్లకి సరిగ్గా 60 అడుగుల ఎత్తులో ఎగరాలి, దానికి విమానం కింద రెండు లైట్లు పెట్టారు, రెండు వెలుగులూ నీళ్ల మీద కలిశాయంటే ఎత్తు సరిపోయినట్టు. ఇంత చక్కటి విషయం ఉంటే మీరు సగం పేజీ విమానం బొమ్మకి ఇచ్చారు.

రెండోది, మూడు డ్యాములు పగిలాయని రాశారు. పగిలినవి రెండే, మోనే, ఎడర్. మూడోది సోర్పే మట్టికట్ట, దానికి పైన దెబ్బ తగిలింది కానీ తెగలేదు. మట్టికట్టకీ రాతిగోడకీ తేడా తెలియని వాళ్లతో ఇలాంటివి ఎందుకు రాయిస్తారు? ఒకప్పుడు మీ పేపర్లో ప్రాజెక్టుల గురించి రాసేవాళ్లు మా దగ్గరికి వచ్చి డ్యాం లోపల సొరంగంలా ఉండే గ్యాలరీలోకి దిగి చూసి మరీ రాసేవాళ్లు.

మూడోది, యుద్ధాన్నే మలుపు తిప్పింది అన్నారు. 1943 మే 16 రాత్రి పగిలిన మోనే డ్యాంని సెప్టెంబరు అయ్యేలోపు మళ్లీ కట్టేశారు. ఆ బాంబుని ఆ తర్వాత యుద్ధంలో ఇంకెక్కడా వాడలేదు. వెళ్లిన 19 విమానాల్లో 8 తిరిగి రాలేదు, 133 మందిలో 53 మంది పోయారు, అంతా పాతికేళ్ల పిల్లలు, వాళ్ల కోసం వాలిస్ జీవితాంతం బాధపడ్డాడు. 1951లో ప్రభుత్వం ఇచ్చిన పదివేల పౌండ్లు తను చదివిన స్కూలుకి ఇచ్చేసి వైమానిక దళం వాళ్ల పిల్లల చదువుకి పెట్టించాడు. ఆ మాట రాస్తే ఆ మనిషికి న్యాయం చేసినట్టు ఉండేది.

ఇక అసలు సంగతి. రెండు పేజీల వ్యాసంలో కింద ఊళ్ల గురించి మీరు రాసింది "భారీ ప్రాణనష్టం సంభవించింది" అని మూడు మాటలు. మోనే నిండితే 4.7 టీఎంసీలు అండీ, మన సాగర్ నిండితే 312. ఆ కాసిని నీళ్లకే దాదాపు 1,300 మంది కొట్టుకుపోయారు, అందులో సగానికి పైగా జర్మన్లు కూడా కాదు, ఉక్రెయిన్ నుంచి, రష్యా నుంచి పట్టుకొచ్చి పనిచేయిస్తున్న బందీలు, ఎక్కువమంది ఆడపిల్లలు, నెహైమ్ అనే ఊరి దగ్గర కంచె వేసిన క్యాంపులో రాత్రిపూట నిద్రలో ఉన్నవాళ్లు. వాళ్లని విడిపించడానికే యుద్ధం చేస్తున్న వాళ్ల బాంబుకే వాళ్లు పోయారు. ఈ ఊరి పేరు మీ వ్యాసంలో ఒక్కచోట కూడా లేదు. దారిలో హిమ్మెల్‌ఫోర్టెన్ అనే చోట చర్చి ఫాదర్ ఊరిని లేపడానికి గంట కొడుతూ కొడుతూనే నీళ్లలో పోయారు.

ఆ గంట గురించి చదివినప్పుడల్లా నాకు మా సైరన్ గుర్తొస్తుంది. నేను ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్న డ్యాం దగ్గర, పేరు రాయను, గేట్లు ఎత్తేముందు మోగించే సైరన్ ఉండేది, దాని బ్యాటరీలు పోయి మూడు సీజన్లు అయింది, కొత్తవి కావాలని ఇండెంట్ పెట్టిన కాగితాలు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. ఒక ఆగస్టు రాత్రి ఇన్‌ఫ్లో ఒక్కసారిగా పెరిగి నాలుగు గేట్లు ఎత్తమని ఫోన్ వచ్చింది, కింద ఏటి ఇసకలో గొర్రెలమంద ఆపుకుని కాపర్లు పడుకుని ఉన్నారని గేట్ల దగ్గర పనిచేసే మా లస్కరుకి తెలుసు. నేను గేటు దగ్గర పావుగంట ఆపాను, అతను టీవీఎస్ మోపెడ్ మీద గట్టువెంట అరుస్తూ వెళ్లాడు. మనుషులందరూ ఒడ్డెక్కారు, నలభై గొర్రెలు పోయాయి. తెల్లారాక నాకు మెమో వచ్చింది, గేట్లు ఆలస్యంగా ఎత్తినందుకు. సైరన్ గురించి ఎవరూ అడగలేదు.

అది ఇరవై ఏళ్ల కిందటి మాట, కానీ మారిందేమిటి చెప్పండి. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి కింద ఊళ్లకి ఊళ్లు ఊడ్చుకుపోయాయి. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు చైను తెగి కొట్టుకుపోయింది. బాంబులు అక్కర్లేదండీ మనకి, గ్రీజు పెట్టని గేటు చాలు. డ్యాం సేఫ్టీ చట్టం 2021లో వచ్చింది, ప్రతి పెద్ద డ్యాంకీ ఎమర్జెన్సీ ప్లాన్ ఉండాలని అందులో రాశారు, కానీ మీ రిపోర్టర్ని ఏదైనా డ్యాం కింద మొదటి ఊరికి పంపి, నీళ్లొస్తే మీకు ఎవరు చెప్తారు, ఎటు పరిగెత్తాలి అని పదిమందిని అడిగించండి. పోస్టులు ఖాళీగా ఉంచి, ఉన్న లస్కర్లకి జీతాలు నెలలతరబడి ఆపి, ఆఫీసర్లు వాట్సాప్‌లో గేట్లు నడిపే రోజులు ఇవి.

బాంబు మిగిల్చింది ఏంటని మీ వ్యాసం చివర్లో అడిగారు, ఫొటోలూ కథలూ అని మీరే జవాబు రాసుకున్నారు. యుద్ధంలో ఏం చేయకూడదో చెప్పే జెనీవా ఒప్పందాలకి 1977లో చేర్చిన ప్రోటోకాల్‌లో 56వ ఆర్టికల్ ఉంది, వరదొచ్చి మామూలు జనం పెద్దఎత్తున పోతారనుకుంటే డ్యాముల మీద దాడి చేయకూడదని. నెహైమ్ లాంటి ఊళ్లు మునిగాకే ఆ మాట కాగితం మీదకి వచ్చింది. మన దేశం ఆ ప్రోటోకాల్‌లో చేరలేదు, దాని గురించి ఏ పేపరూ రాయదు.

కాబట్టి వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయండి. డ్యాములు రెండు అని, పేలింది నీళ్ల లోపల అని, నెహైమ్ అని ఒక ఊరు ఉందని. చోటు చాలకపోతే విమానం బొమ్మ తీసేయండి. మా ఇండెంట్ కాగితాల కాపీలు కావాలంటే పంపుతాను, డ్యాం పేరు మాత్రం కొట్టేసి పంపుతాను.

ఇట్లు,
రిటైర్డ్ డీఈఈ, ఇరిగేషన్,
నంద్యాల