మొక్కలు నాటారు సరే, వాన నీళ్ల సంగతేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ జిల్లా పేజీలో ఓపెన్ కాస్ట్ బొగ్గు గని తవ్వి పోసిన మట్టిగుట్ట మీద పచ్చగా మొక్కలున్న ఫోటో వేసి, గుట్ట అడవైపోయిందన్నట్టు రాశారు. ఫోటో బానే ఉంది గానీ అది గుట్ట పైన నిలబడి తీసింది. కింద మా పొలాల వైపు నుంచి చూస్తే, వాన పడ్డప్పుడల్లా ఆ గుట్ట కొంచెం కొంచెం మా కుంటలోకి దిగుతోంది.

మన గోదావరి లోయలో బొగ్గు మీద ఉండేది ఎక్కువగా ఇసుకరాయి, దాన్ని పేల్చి తెచ్చి పోశాక పొడిపొడిగా ఉంటుంది. పైభాగమేమో డంపర్లు, డోజర్లు తిరిగి తిరిగి సిమెంట్ గచ్చులా గట్టిపడిపోతుంది, అక్కడ చుక్క నీరు ఇంకదు, మొత్తం అంచుకి పరిగెడుతుంది, అంచులో ఎక్కడ కాస్త పల్లం దొరికితే అక్కడ కోసేస్తుంది. మొదటి వానకి చెయ్యి పట్టేంత గాడి, సీజన్ అయ్యేసరికి మనిషి దిగితే కనపడడు. పక్కన నీలగిరి చెట్లు వేర్లు బయటేసుకుని వేలాడుతున్నాయి. చెట్లుంటే మట్టి ఆగుతుందంటారు, మరి చెట్ల మధ్య నేలంతా బోడిగా ఉంటే ఏం ఆగుద్ది? నన్నడిగితే ముందు గడ్డి, వట్టివేరు లాంటివి పట్టించాలి, చెట్లు తర్వాత. గడ్డినైతే లెక్కపెట్టి ఇన్ని లక్షలు నాటాం అని చెప్పుకోలేరుగా, అదీ ప్రాబ్లం అనుకుంటా.

రూల్స్ లేవా అంటే ఉన్నాయి. గనులకిచ్చే పర్యావరణ అనుమతుల్లో మామూలుగా ఉండే షరతులే, డంపు (అదే మట్టిగుట్ట) వాలు 28 డిగ్రీలు దాటకూడదు, చుట్టూ గార్లండ్ డ్రెయిన్ అంటే గుట్ట మీంచి దిగే నీళ్లని పట్టే కాలవ, అడుగున గోడ, నీళ్లు బయటికి వదిలేముందు మట్టి పేరుకోడానికి గుంత, ఆ డ్రెయిన్, గుంత కూడా ఒక్కసారిగా పడే పెద్ద వానకి ఇంకో 50 శాతం కలిపి కట్టాలి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్లు పడింది కదా, పాత వానల మీద వేసిన లెక్కలైతే మళ్లీ వెయ్యాలా వద్దా? అంత వాన దాకా ఎందుకు, మా దగ్గర గుంత మామూలు వానలకే నిండా పూడిపోయి అందులో మేకలు మేస్తున్నాయి. నీళ్లు ఇటునుంచి ఎర్రగా వచ్చి అటునుంచి ఎర్రగానే పోతున్నాయి, ఒర్రెలోంచి కుంటలోకి, తూము దాటి నాట్లేసిన మళ్లలోకి. వేలెడు మందం ఇసుక మేట వేసిందంటే ఆ మడి మళ్లీ నాటాల్సిందే, నారు, కూలీ, ఎరువు అన్నీ మళ్లీ.

మేము అడిగేది కొత్తదేం కాదు. మే నెలాఖరుకల్లా డ్రెయిన్లు, గుంత పూడిక తీయించాలి, గుట్ట మెట్లు బయటికి కాకుండా లోపలికి వాలుండేలా సరిచేసి, ఆ నీళ్లని రాళ్లు పరిచిన కాలవలోంచి కిందికి దించాలి. ఇంకోటి, తీసిన పూడికని గుంత గట్టు మీదే పోయొద్దని గట్టిగా చెప్పండి సార్, పోయినసారి అలాగే పోశారు, రెండో వానకే మొత్తం మళ్లీ లోపలికొచ్చేసింది.

ఇట్లు
కుంట కింద సాగు చేసుకునే ఓ రైతు