డ్రోన్ డబ్బు మైకుకి పెట్టు

పర్లాకిమిడి,
డిసెంబర్ 14

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. మామ్మకి మోకాళ్ల నొప్పి తగ్గింది. సంక్రాంతికి నువ్వు ఆరుగురు స్నేహితుల్ని వెంటబెట్టుకుని వస్తున్నావని తెలిసిన దగ్గర్నుంచి అమ్మ బియ్యం లెక్క చూసుకుంటోంది.

నువ్వు పంపిన మీ కాలేజీ సినిమా స్క్రిప్టు షాపులో ప్రింటు తీసుకుని రెండుసార్లు చదివాను. ఫోన్‌లో చదివితే నాకు బుర్రకెక్కదు. మహేంద్రతనయ ఏటికి ఈ పక్క అక్క, ఆ పక్క పాతపట్నంలో చెల్లెలు, మధ్యలో ఇరవై ఏళ్ల మాటపట్టింపు. మంచి కథ, తల్లీ. మన వీధిలోనే అలాంటి ఇళ్లు మూడు చూపించగలను. ఏట్లో నీళ్లు తగ్గినప్పుడు అక్క ఒడ్డు దాకా వచ్చి ఆగిపోయే సీను దగ్గర నేను కాసేపు కాగితం పక్కన పెట్టేశాను. ఆ సీనులో ఒక్క మాట కూడా మార్చకు.

మిగతావాటి గురించి మాత్రం నాకు చెప్పాల్సినవి ఉన్నాయి. ఫోన్‌లో చెబితే నువ్వు "సరే నాన్నా" అనేసి పెట్టేస్తావు. అందుకని ఉత్తరం రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. నువ్వు అడిగిన ఇరవై ఐదు వేలూ ఇస్తాను. కానీ అందులో ఎనిమిది వేలు డ్రోన్ అద్దెకి రాశావు. మైకు దగ్గర మాత్రం "కెమెరాలో ఉన్నది చాలు" అని ఉంది. ఇది తిరగెయ్యి. కెమెరా మీద ఉన్న మైకు కెమెరా దగ్గర ఉన్న చప్పుడునే బాగా వింటుంది. మామ్మ పది అడుగుల దూరంలో కూర్చుని మాట్లాడితే ఆవిడ మాట కన్నా ముందు నీ స్నేహితుడి ఊపిరి, వీధిలో గ్రానైట్ లారీ వినిపిస్తాయి. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు. మాట అర్థం కాకపోతే రెండు నిమిషాలకే లేచిపోతారు. నేను పాతికేళ్లకు పైగా పెళ్లిళ్లు తీసి తెలుసుకున్నది ఇదే.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో నీకు ఎప్పుడూ చెప్పలేదు. 1997లో మీ అత్త పెళ్లి నేనే తీశాను. కెమెరా కొన్న కొత్త. వీహెచ్‌ఎస్ క్యాసెట్టుని ఒకదాన్నుంచి ఇంకొకదానికి కాపీ చేసిన ప్రతిసారీ బొమ్మ కొంచెం పాడయ్యేది. మన ఇంటి పెళ్లి కదా, బొమ్మ చెడకూడదని కాపీ చెయ్యకుండా అసలు క్యాసెట్టు మీదే ఆడియో డబ్ చేశాను. అలా చేస్తే బొమ్మ అలాగే ఉంటుంది. కింద ఉన్న మాటలు చెరిగిపోయి, వాటి చోట పాట ఎక్కుతుంది. మూడు గంటల క్యాసెట్టు నిండా సినిమా పాటలు నింపాను. అందరూ ఎంత బాగుందో అన్నారు.

అప్పగింతల దగ్గర తాతయ్య అత్త చెయ్యి పట్టుకుని అల్లుడితో ఏదో చెబుతూ ఉంటారు. రెండు నిమిషాలకు పైనే చెబుతారు. పెదాలు కదులుతుంటాయి, పైన పాట వస్తుంటుంది. రెండేళ్లకే ఆయన పోయారు. ఆయన గొంతు ఇంక ఎక్కడా లేదు. మామ్మ ఇప్పటికీ ఆ చోటుకి రాగానే "ఏటంటన్నార్రా?" అని నన్ను అడుగుతుంది. ఆ పక్కనే నిలబడి తీసినవాణ్ణి నేనే. ఫోకస్ చూసుకుంటూ ఉన్నాను, మాట వినలేదు.

ఇప్పుడు నువ్వు మామ్మనే ముఖ్యపాత్రగా పెట్టుకున్నావు. ఆవిడకి ఎనభై దాటాయి. కాలేజీలో నీకు ఎన్ని మార్కులొస్తాయన్నది నాకు తర్వాత సంగతి. ఆవిడ గొంతు శుభ్రంగా రికార్డు కావాలి.

కాబట్టి ఎదురుగా ఉన్న చప్పుడునే ఎక్కువగా పట్టే షాట్‌గన్ మైకు ఒకటి, ఒక వైర్‌లెస్ కాలర్ మైకు, ఒక రికార్డర్ విశాఖలో అద్దెకి తీసుకో. మైకుని మనిషి పైకి చాపి పట్టుకునే బూమ్ కర్రకి డబ్బు ఖర్చు పెట్టొద్దు, మన బూజుకర్ర పొడుగు సరిపోతుంది. మైకు పట్టుకునే పిల్లకి హెడ్‌ఫోన్ చెవులకి ఉండాల్సిందే, మెడలో కాదు. "కట్" చెప్పాల్సింది నువ్వే, కానీ చప్పుడు బాగోలేదని చెప్పే హక్కు ఆ అమ్మాయికి ఉండాలి. కాలర్ మైకు మామ్మ కొంగు మడతలో పెడితే బట్ట రాసుకుని గరగరమంటుంది. జాకెట్టు లోపలి అంచుకి టేపు వేసి అతికించమని అమ్మకి చెబుతాను.

మన నడవలో గొంతు మారుమోగుతుంది, నీకూ తెలుసు. గోడకి రెండు బొంతలు వేలాడదీసి, కింద ఒకటి పరిస్తే చాలా వరకు తగ్గుతుంది. షాటు తీసేటప్పుడు ఫ్యాను, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ఆపినప్పుడు నా స్కూటర్ తాళం అందులో పెట్టు. సాయంత్రం బండి కోసం వెతికినప్పుడు ఫ్రిజ్ వెయ్యాలని గుర్తొస్తుంది, లేకపోతే అమ్మ రుబ్బిపెట్టిన ఇడ్లీపిండి పులిసిపోతుంది. ప్రతి చోటా పని అయిపోయాక అందరినీ కదలకుండా నిలబెట్టి, ఒక నిమిషం ఆ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చెయ్యి. ఎడిటింగ్‌లో రెండు మాటల మధ్య ఖాళీ వచ్చినప్పుడు అక్కడ వేసేది అదే. అది లేకపోతే ఆ ఖాళీ చెవికి గుంటలా తగులుతుంది.

ఇంకో మాట. మామ్మ చేత "నువ్వు భోజనం చేశావా? నాకు చాలా బాధగా ఉంది" అనిపించావు. మామ్మ జన్మలో అలా అనదు. "తిన్నావేటి?" అంటుంది. బాధగా ఉందని అసలు చెప్పదు, "కూరలో ఉప్పెక్కువైపోనాది" అని కంచం జరిపేస్తుంది. కూరగాయల అబ్బాయిని ఒడియాలో "కేతే?" అని అడిగి, ధర నచ్చకపోతే తెలుగులో గొణుక్కుంటుంది. నీ స్క్రిప్టులో ఆ ఒడియా ముక్క ఎక్కడా లేదు. ఎందుకు తీసేశావు? విశాఖలో నీ స్నేహితులకి అర్థం కాదనా? సబ్‌టైటిల్స్ ఎలాగూ వేస్తావు కదా. మన మాట మనలాగే ఉండనీ.

ఈ ఊరి సంగతి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఇక్కడి రాజావారి బడిలోనే ఉపాధ్యాయుడిగా చేరారు. కొండల్లోని సవర గిరిజనులతో మాట్లాడటానికి, ఒక సవరని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. జనం మాట్లాడే తెలుగులోనే పాఠాలూ పుస్తకాలూ ఉండాలని జీవితమంతా కొట్లాడారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మా తాతలు ఉండిపోయారు. వాళ్లు మాట్లాడిన తెలుగే మామ్మ నోట్లో ఇంకా ఉంది, పక్కన ఒడియాతో కలిసి. దాన్ని టీవీ తెలుగులోకి దిద్దితే నాకు నిజంగా కష్టంగా ఉంటుంది.

అందుకని మామ్మకి డైలాగు బట్టీ పట్టించకు. చేతికి పని ఇవ్వు. జనవరిలో కందికాయలు వస్తాయి, చేటలో పోసి ఒలవమను. పని చేస్తున్న మనిషి కెమెరా వంక చూడదు. సీనులో ఏం జరుగుతోందో మాత్రం చెప్పు, మాట ఆవిడ చూసుకుంటుంది. ఒకటి మర్చిపోకు, షాటు షాటుకీ కాయల కుప్ప తగ్గుతుంటుంది, గింజలు పెరుగుతుంటాయి. ప్రతి షాటు ముగిసే ముందు చేటని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకో. లేకపోతే ఎడిటింగ్‌లో గింజలు మళ్లీ కాయల్లోకి వెళ్లిపోతాయి.

షెడ్యూలు చూశాను. పన్నెండు పేజీలు రెండు రోజుల్లో అవ్వవు. పేజీకి నిమిషం చొప్పున పన్నెండు నిమిషాల సినిమా అనుకుంటున్నావు. ఏటి ఒడ్డు సీను పావు పేజీనే, కానీ తెర మీద రెండు నిమిషాలు పడుతుంది, పట్టాలి కూడా. కొత్తవాళ్లు రోజుకి మూడు పేజీలు తియ్యగలిగితే గొప్పే. నాలుగు రోజులు పెట్టుకో. కథ వరసలో తియ్యకు. ఇంట్లో జరిగేవన్నీ మొదటి రెండు రోజులు, ఏటి దగ్గరివి మూడో రోజు, పాతపట్నం నాలుగో రోజు. మామ్మ మధ్యాహ్నం భోజనం తర్వాత పడుకుంటుంది. ఆ రెండు గంటలూ ఆవిడ లేని షాట్లు తీసుకో.

జనవరిలో ఇక్కడ ఆరున్నరకి తెల్లారుతుంది, ఐదున్నర దాటితే సూర్యుడు ఉండడు. ఏటి మీద పొగమంచు పొద్దున్నే ఉంటుంది, ఎండెక్కితే పోతుంది. అంటే ఆరింటికల్లా కెమెరా బిగించి నిలబడాలి, అప్పుడు లేవడం కాదు. ఈ ఆదివారం నేను వెళ్లి ఏయే టైముకి వెలుగు ఏ పక్కనుంచి పడుతుందో చూసి ఫోటోలు పంపుతాను.

రైలు సీను గురించి. ప్లాట్‌ఫారం మీద అనుమతి లేకుండా కెమెరా స్టాండు పెట్టొద్దు. పెట్టెలతో సహా పట్టుకుపోతే రోజంతా పోతుంది, నాకు టెన్షన్. గేటు బయట రోడ్డు మీద నుంచి మామ్మ మొహం తీసి, రైలు చప్పుడు విడిగా రికార్డు చేసుకో. మామ్మ కథలో అది నౌపడా నుంచి వచ్చే చిన్న రైలు కదా. ఆ నేరోగేజి 2004లోనే ఆగిపోయింది, ఇప్పటి బ్రాడ్‌గేజి బండిని చూపిస్తే కథకి కుదరదు కూడా. ఆ కూత ఎలా ఉండేదో మామ్మనే చెప్పమను. ఆవిడ నోటితో చేసి చూపిస్తుంది. నా మటుకు నాకు ఆ సీనుకి అదే చాలు.

ఇంట్లో ట్యూబులైటు కింద తీసేటప్పుడు సెకనుకి ఇరవై ఐదు ఫ్రేములు, షటర్ సెకనులో యాభయ్యో వంతు పెట్టుకో. మన కరెంటు 50 హెర్ట్జ్. ఫోన్లూ కొన్ని కెమెరాలూ ముప్పై ఫ్రేముల్లో ఉంటాయి, అప్పుడు గోడ మీద వెలుగు అలలు అలలుగా వణుకుతుంది.

సినిమా పాటలు ఏవీ వాడకు. హక్కులు లేని పాట ఉంటే ఫెస్టివల్స్‌లో తీసుకోరు. ఆ సంగతి పక్కన పెట్టినా, మామ్మ మాట మీద పాట పడటం ఇంక నేను చూడలేను.

రోజూ రాత్రి కెమెరా మెమరీ కార్డులు ఖాళీ చేసే ముందు రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించు. రెండూ ఒకే సంచిలో పెట్టకు, ఒకటి నా షాపులో ఉంటుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు కింది అరలో ఉన్న క్యాసెట్లన్నీ తడిసి బూజు పట్టాయి. వాటికి వేరే చోట కాపీలు లేవు. ఎవరెవరి పెళ్లిళ్లో ఏమిటో. మీ అత్తది పై అరలో ఉండబట్టి మిగిలింది.

మీ ఏడుగురికీ అమ్మ పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం పెడుతుంది. ఆరింటికి ఏటి దగ్గరికి వెళ్లే రోజు టీ ఫ్లాస్కుతో నేను వస్తాను. కడుపు నింపకుండా ఎవరి చేతా పని చేయించకు.

గుణుపురం పాసింజర్‌కే రండి, సామాను ఎక్కువ ఉంటుంది కాబట్టి బస్సు వద్దు. ఏ రోజు వచ్చేదీ ముందే చెబితే స్టేషన్‌కి ఆటో మాట్లాడి ఉంచుతాను. మామ్మకి కెమెరా సంగతి ఇంకా చెప్పలేదు. నువ్వు వచ్చి అడిగితేనే బాగుంటుంది. వచ్చిన మొదటి రాత్రే, ఇంకా ఏదీ మొదలుపెట్టకముందే, రికార్డర్ ఆన్ చేసి ఆవిడ పక్కన కూర్చో. అత్త పెళ్లి క్యాసెట్టు పెడతాను. అప్పగింతల దగ్గర తాతయ్య ఏమని ఉంటారో మామ్మని అడుగు. నేను అడగలేకపోయాను.

నీ
నాన్న