ఆ హుషారు కోలుకున్నట్టు కాదు

సంపాదకుల వారికి,

నీరసం వదలనివాళ్లు రోజూ అరగంట నడవాలనీ, వారం వారం దాన్ని పెంచుకుంటూ పోవాలనీ మీ ఆరోగ్య పేజీలో రాశారు. మామూలు బడలికకు ఆ మాట సరే. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్, అంటే డాక్టర్లు ఎంఈ/సీఎఫ్ఎస్ అని చీటీలో రాసే జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం అది చేటు చేస్తుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ ఇలా పెంచుకుంటూ పోయే వ్యాయామాన్ని 2021లోనే వద్దంది. ఈ జబ్బులో శ్రమ దెబ్బ అప్పటికప్పుడు తెలియదు. ఎక్కువగా 12 నుంచి 48 గంటల తర్వాత మనిషిని పడేస్తుంది. ఈలోపు రోగినీ ఇంటివాళ్లనీ మోసం చేసేది అడ్రినలిన్, అంటే అవసరానికి ఒంటిని అప్పటికప్పుడు ఉరికించే హార్మోను.

కావలిలో ఒక రాత్రి పెళ్లి అనుకోండి. నెల రోజులుగా మంచం దిగని కోడలు పట్టుచీర కట్టుకుని వచ్చి, అందరినీ పలకరించి, వడ్డనలో కూడా ఒక చెయ్యి వేస్తుంది. మొహం వెలుగుతూ ఉంటుంది. అరచేతులు పట్టుకుని చూస్తే చల్లగా, చెమటగా ఉంటాయి, వేళ్లలో సన్నగా వణుకు. ఇంటికొచ్చాక ఒళ్లు పచ్చి పుండులా ఉన్నా కన్ను మూతపడదు. మూడో రోజుకు గ్లాసు ఎత్తలేదు. ‘పెళ్లిలో అంత హుషారుగా తిరిగింది కదా, ఇప్పుడేం వచ్చింది?’ అనే చుట్టాలెవరూ ఆ మూడో రోజు చూడటానికి రారు.

నిలబడితే రక్తం కాళ్లలోకి దిగుతుంది. దాన్ని తలకు చేర్చడానికి నరాలు అలాంటిదే అయిన నార్‌అడ్రినలిన్‌ను, మూత్రపిండాల మీద ఉండే గ్రంథులు అడ్రినలిన్‌ను వదులుతాయి. శక్తికి మించి పనిచేసినా, వేళ తప్పి తిన్నా, ఒక్కపొద్దు ఉన్నా, ఎండలో నిలబడినా ఇదే జరుగుతుంది. మన రోహిణి కార్తె గురించి వేరే చెప్పాలా! వేడికి రక్తనాళాలు వెడల్పై రక్తం ఇంకా కిందికి జారుతుంది. వేడివేడి నీళ్లతో నిలబడి తలంటు పోసుకున్నాక గుండె దడదడలాడటం అందుకే. గోరువెచ్చటి నీళ్లు, కూర్చోవడానికి ఒక స్టూలు ఉంటే సగం బాధ తప్పుతుంది. కూరగాయలు కూడా కూర్చునే తరుక్కోవాలి.

రాత్రి రెండు మూడింటికి దడతో మెలకువ వస్తే లైటు వేయొద్దు, ఫోను ముట్టొద్దు. రెండు దిండ్ల మీద కాళ్లు పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. గుండెల నిండా పీల్చనక్కర్లేదు. గట్టిగా, గబగబా పీలిస్తే వేళ్లు తిమ్మిరెక్కి, తల తిరిగి దడ ఇంకా పెరుగుతుంది. కపాలభాతి చెయ్యమని సలహా ఇచ్చేవాళ్లు ఈ సంగతి గమనించాలి. రక్తంలో అడ్రినలిన్ నిమిషాల్లోనే విరిగిపోతుంది గానీ వణుకు తగ్గడానికి అరగంట పైనే పట్టొచ్చు. ఈలోగా ‘గుండెకేమైందో’ అన్న భయం మళ్లీ ఇంకొంత అడ్రినలిన్‌ను వదిలిస్తుంది. పొద్దున లేచేముందు మంచం మీదే అరలీటరు నీళ్లు తాగి, రెండు నిమిషాలు పాదాలు ఆడించి, కాసేపు కూర్చుని, అప్పుడు లేవాలి. కాఫీ తెచ్చే చురుకు కూడా అరువు చురుకే. మధ్యాహ్నం తర్వాత అసలు వద్దు.

హద్దు తెలుసుకోవడానికి నాడి చూసుకోవడం ఒక దారి. వారం రోజులు నిద్ర లేవగానే కదలకుండా నాడి కొలిచి సగటు తీయాలి. దానికి 15 కలిపితే అది మొదటి హద్దు. సగటు 78 అయితే 93 అన్నమాట. నాడి చూపే వాచీలో ఆ అంకెకు అలారం పెట్టుకుని, మోగగానే చేసే పని ఆపాలి. ‘ఈ రెండు గిన్నెలూ తోమేసి’ అన్న చోటే అందరూ దెబ్బతింటారు. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లకు ఈ లెక్క కుదరదు. ఆ మాత్రలు ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టరుకు చెప్పకుండా వేసుకోకూడదు, వాడేవాళ్లు ఉన్నట్టుండి మానకూడదు. కోవిడ్ నాటి ఆక్సీమీటరు ఇంట్లో ఉంటే నాడి చూసుకోవడానికి పనికొస్తుంది. అయితే చెయ్యి కదిలినా, వేళ్లు చల్లబడినా, గోళ్లకు రంగు ఉన్నా అంకెలు తప్పొస్తాయి.

నిలబడితేనే దడ వచ్చేవాళ్లు పది నిమిషాలు పడుకుని నాడీ బీపీ చూసుకోవాలి. తర్వాత మడమలు గోడకు జానెడు లోపు ముందుంచి, భుజాలు గోడకానించి నిలబడి, పది నిమిషాల పాటు నిమిషానికోసారి కొలవాలి. పక్కన మనిషి తప్పనిసరి. కళ్లు బైర్లు కమ్మితే వెంటనే ఆపేయాలి. బీపీ పెద్దగా పడకుండా నాడి పడుకున్నప్పటి కంటే 30, పన్నెండు నుంచి పంతొమ్మిదేళ్ల వాళ్లకైతే 40, అంతకు మించి పెరుగుతూ ఉంటే పాట్స్ అనే, నిలబడితే గుండె వేగం అతిగా పెరిగే ఇబ్బందేమో డాక్టర్ని అడగాలి.

పాట్స్‌కు ఉప్పు ఎక్కువ తినమంటారు. కనిగిరి, పామూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు, కిడ్నీ జబ్బులు ఉన్నచోట కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా ఆ పని చేయొద్దు. బీపీ ఉన్నవాళ్లూ అంతే. అయినా ఆవకాయతో మొదలయ్యే మన విస్తట్లో ఉప్పుకేం తక్కువ?

వచ్చిన ప్రతి దడనూ ఈ జబ్బు ఖాతాలో వేయకూడదు. ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ చూపించుకోవాలి. తలనొప్పీ చెమటలూ దడా కలిసి వచ్చి బీపీ బాగా పెరుగుతుంటే అడ్రినల్ గ్రంథిలో గడ్డ కాదని తేల్చుకోవాలి. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయాలి.

ఇంకొకటి. నెల్లూరుకో చెన్నైకో ఆసుపత్రికి వెళ్లిన రోజు కూడా రోగి అడ్రినలిన్ మీదే నడుస్తుంటాడు. డాక్టరు ముందు చక్కగా కూర్చుని మాట్లాడతాడు. అందుకని కిందటిసారి ప్రయాణం తర్వాత మూడు రోజులు నాడి ఎంత, ఎన్ని గంటలు పడుకుని ఉన్నాడు, స్నానం చేయగలిగాడా లేదా అన్నది ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లాలి. డాక్టర్లు కూడా ఆ కాగితం అడిగి చూడాలి.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు,
కావలి