చిన్నా, నువ్వూ ఆ టెస్ట్ చేయించుకో

చిన్నా,

మొన్న ఫోన్‌లో బ్రెస్ట్ క్యాన్సర్ జీన్ టెస్ట్ సంగతి ఎత్తితే "అది ఆడవాళ్ళ జబ్బు కదా నాన్నా, చెల్లి చేయించుకుంది చాలు" అని పెట్టేశావు, అప్పట్నుంచీ నా మనసు కుదురుగా లేదు. మళ్ళీ ఫోన్ చేస్తే మాట మార్చేస్తావని ఇలా రాస్తున్నా, చివరిదాకా చదువు.

అత్తకి బ్రెస్ట్ క్యాన్సర్ వచ్చినప్పుడు జీన్ టెస్ట్‌లో బీఆర్‌సీఏ2 మ్యుటేషన్, అంటే క్యాన్సర్ రిస్క్ పెంచే జీన్ మార్పు, బయటపడింది, తర్వాత నాకు చేస్తే నాకూ ఉందని తేలింది. నాకుందంటే నా పిల్లల్లో ఒక్కొక్కరికీ 50 శాతం ఛాన్స్, కొడుకా కూతురా అని ఆ జీన్ చూడదు. చెల్లికి లేదని వచ్చింది కదా అని నీకూ లేదనుకోడానికి వీల్లేదురా, ఎవరి లెక్క వాళ్ళదే.

మగవాళ్ళకీ చనుమొన వెనక కొంచెం రొమ్ము కణజాలం ఉంటుంది. మొత్తం బ్రెస్ట్ క్యాన్సర్లలో మగవాళ్ళకి వచ్చేవి 1 శాతం దాకానే, అందుకే మగవాళ్ళందరికీ స్క్రీనింగ్ చెయ్యరు, అక్కర్లేదు కూడా. కానీ బీఆర్‌సీఏ2 ఉంటే జీవితం మొత్తంలో వచ్చే రిస్క్ 6 నుంచి 8 శాతం అంటున్నారు, మామూలు మగవాళ్ళలో అయితే సుమారు వెయ్యిలో ఒకరికే వస్తుంది. అంటే నూటికి తొంభై మందికి పైగా రాదు కదా అని నువ్వంటావు, నిజమే, నేనూ ఆ ధైర్యంతోనే ఉన్నా, కాకపోతే వచ్చినవాళ్ళకి మాత్రం ఎంత తొందరగా కనిపెట్టారన్నదే ముఖ్యం. అక్కడ కణజాలం తక్కువ కాబట్టి గడ్డ తొందరగా చర్మానికీ చనుమొనకీ పాకుతుంది, చాలాసార్లు నొప్పి కూడా ఉండదు, మగవాడు ఏదో కొవ్వు గడ్డలే అని నెలలకి నెలలు వదిలేస్తాడు, తెలిసినా సిగ్గుతో చెప్పడు. నాకు కోపం వచ్చేది ఈ సిగ్గు మీదే.

సింగర్ బియాన్సే వాళ్ళ నాన్న మాథ్యూ నోల్స్‌కి కూడా ఇదే బీఆర్‌సీఏ2. చొక్కాల మీద మళ్ళీ మళ్ళీ చిన్న రక్తపు చుక్కలు కనిపిస్తే ఆయనే వెళ్ళి మామోగ్రాం (రొమ్ముకి తీసే ఎక్స్‌రే) అడిగి చేయించుకున్నాడు, 2019లో టీవీలో అందరికీ చెప్పాడు. ఆయనకి లేని సిగ్గు మనకెందుకు?

టెస్ట్‌కి రక్తమో లాలాజలమో ఇస్తే చాలు, ముందు జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడతారు. నీకు లేదని వస్తే ఇక దీని గురించి నీకూ, రేపు నీ పిల్లలకీ బెంగ లేదు. ఉందని వస్తే డాక్టర్లు చెప్పేది పెద్ద కష్టమైనదేం కాదు, 35 ఏళ్ళ నుంచి ఛాతీ ఎలా తడిమి చూసుకోవాలో నేర్చుకోవాలి, ఏడాదికోసారి డాక్టర్‌తో చెక్ చేయించుకోవాలి. నీకు వచ్చే ఏడాదే 35, అందుకే ఈ తొందర. మామోగ్రాం సంగతి 50 దగ్గర ఆలోచిస్తారు, ఇంట్లో మగవాళ్ళెవరికైనా వచ్చుంటే వాళ్ళకి వచ్చిన వయసు కంటే పదేళ్ళు ముందే. ఇంకోటి, బీఆర్‌సీఏ2 ఉన్న మగవాళ్ళకి ప్రోస్టేట్ క్యాన్సర్ రిస్క్ కూడా ఎక్కువ, దాన్ని ముందే పట్టడానికి 40 నుంచి పీఎస్ఏ అనే రక్తపరీక్ష చెయ్యమంటారు, నిజానికి మగవాళ్ళకి బ్రెస్ట్ క్యాన్సర్ కంటే దీని రిస్కే ఎక్కువ.

చనుమొన కింద గట్టిగా ఒకవైపే గడ్డ తగిలినా, చనుమొన లోపలికి లాగినట్టున్నా, నీళ్ళో రక్తమో కారినా, చర్మం సొట్టపడినా, చంకలో గడ్డ ఉన్నా వెంటనే వెళ్ళు. గైనకోమాస్టియా, అంటే మగవాళ్ళకి రొమ్ము పెరిగే, క్యాన్సర్ కాని సమస్య అయితే సాధారణంగా మెత్తగా, నొప్పిగా ఉంటుందంటారు, కానీ అదేంటో తేల్చాల్సింది నువ్వు కాదు, డాక్టర్.

నాకు మామోగ్రాం చేసినప్పుడు ఆ మెషీన్‌లో నొక్కడానికి అసలేం ఉందిలే అనుకున్నా, ఉన్నంతలో చేశారు, కొంచెం నొప్పి పుట్టింది, కొద్ది నిమిషాల్లో అయిపోయింది. వెయిటింగ్ హాల్లో అందరూ ఆడవాళ్ళే, వాళ్ళు చూస్తే చూడనీ అని కూర్చున్నా.

నా రిపోర్ట్ ఫోటో పంపుతున్నా, అందులో మ్యుటేషన్ ఏదో కరెక్ట్‌గా ఉంటుంది, అది చూపిస్తే నీకు దాని కోసమే వెతుకుతారు. మన వైపు ఎవరికి ఏ వయసులో ఏ క్యాన్సర్ వచ్చిందో అత్తా నేనూ కూర్చుని ఒక కాగితం మీద రాశాం, కౌన్సెలర్ మొదట అడిగేది అదే, అదీ పెడుతున్నా. అపాయింట్‌మెంట్ తీసుకుని డేట్ చెప్పు, నేనూ వస్తా.

నాన్న