మా అమ్మాయి పక్కన నేల మీద కూర్చున్న ఆవిడకు కృతజ్ఞతలు

మా అమ్మాయికి ఆటిజం ఉన్నదని నిర్ధారించిన నివేదిక నిన్న సాయంత్రం మా చేతికి వచ్చింది. ఇంట్లో అందరూ పడుకున్నారు, నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. ఒళ్ళంతా అలసిపోయి ఉన్నా, ఇప్పుడు రాయకపోతే రేపు మళ్ళీ పనుల్లో పడి ఈ మాటలు లోపలే ఉండిపోతాయని భయపడి కూర్చున్నాను. ఈ కొన్ని నెలల్లో మాకు సాయం చేసినవారు చాలామంది ఉన్నారు. మా వారు, మా అత్తగారు, మా తమ్ముడు ఎప్పటిలాగే వెన్నంటి నిలబడ్డారు, వారికి వేరే చెప్పనక్కరలేదు. ఈ రాత్రి నా మనసంతా నిండి ఉన్నది, అంతకు ముందు మాకు ముక్కూ మొహం తెలియని ఒక ఆవిడ. తన పేరు ఎక్కడా రాయవద్దని కోరారు కనుక రాయడం లేదు.

మా అమ్మాయికి పదహారేళ్ళు. చదువులో ఏనాడూ వెనకబడలేదు, బడిలో నవ్వుతూ నలుగురితో కలిసి తిరిగేది, ఇంటికి రాగానే గది తలుపు వేసుకుని దీపం ఆర్పేసేది. క్రమంగా బడికి వెళ్ళడం మానేసింది, తరువాత మాట్లాడటమూ దాదాపు మానేసింది. అప్పుడు తన చేతిలో మిగిలింది ఎంటీవీలో 1997 నుంచి 2002 వరకు వచ్చిన ‘డారియా’ అనే అమెరికన్ కార్టూన్ ధారావాహిక ఒక్కటే. మందపాటి కళ్ళద్దాలు, ఎప్పుడూ అదే ఆకుపచ్చ కోటు, అదే నల్ల లంగా, అవే బూట్లు, ఏ భావమూ పలకని ఒకే స్వరంలో మాటలు: అదీ డారియా అనే ఆ టీనేజి పిల్ల. మా అమ్మాయి చూసిన ఎపిసోడ్‌నే మళ్ళీ మళ్ళీ చూసేది. ఆ కార్టూన్ల వల్లే పిల్ల ఇలా తయారైందని, ముందు వాటిని ఆపించమని మాకు సలహా ఇవ్వనివారు లేరు.

ఆవిడ మాకు తారసపడింది అసెస్‌మెంట్ కేంద్రంలో, మా వంతు కోసం కూర్చున్నప్పుడు. ఆటిజం ఉన్న పిల్లల కోసమే నడుపుతున్న ఆ చోట లౌడ్‌స్పీకర్‌లో టోకెన్ నంబర్లు అరుస్తారు, గోడ మీద టీవీ మోగుతూనే ఉంటుంది, ట్యూబులైటు ఒకటి గుయ్యిమంటూ కొట్టుకుంటూ ఉంటుంది. మా అమ్మాయి హుడీ ముఖం మీదికి లాక్కుని, ఓ మూల నేల మీద గోడవైపు తిరిగి కూర్చుని, జిప్పు పళ్ళ మీద బొటనవేలు పైకీ కిందికీ రుద్దుకుంటూ ఉండిపోయింది. లేపి కుర్చీలో కూర్చోబెట్టండని సిబ్బందిలో ఒకరు నన్ను గద్దించారు. అంతలో తన ఫైలు కోసం వచ్చిన ఒక ఆవిడ లేచి వచ్చి, పిల్లవైపు చూడకుండా, ఏమీ అడగకుండా, రెండు బారల దూరంలో తనూ నేల మీద గోడకు ఎదురుగా కూర్చున్నారు. మా అమ్మాయి ఫోను వెనక డారియా బొమ్మ అంటించి ఉంటుంది. ఆవిడ దాన్ని గమనించి ఉండాలి. చాలాసేపటి తరువాత గోడతో చెబుతున్నట్టుగా, “ఆ పిల్ల గదిలో గోడలకు మెత్తలుంటాయి చూడు, అవంటే నాకు చాలా ఇష్టం” అన్నారు. ఇంకొంతసేపటికి హుడీ లోపలి నుంచి జవాబు వచ్చింది: “అవి డారియా వేయించుకున్నవి కావు. ఆ ఇంట్లో ముందున్నవాళ్ళు వేయించినవి. ఆమె తీయనివ్వలేదు.”

బయటివారితో మా పిల్ల అన్ని మాటలు కలిపి మాట్లాడి ఎంతకాలమైందో నాకు గుర్తు లేదు. అక్కడే నిలబడి ఏడ్చేశాను. ఆవిడ నావైపు తిరగలేదు, సంచిలోంచి చేతిరుమాలు తీసి, చేయి వెనక్కి చాపి అందించారు. పిల్ల దృష్టి చెదరకూడదని అలా చేశారని తరువాత అర్థమైంది. తల్లీ కూతుళ్ళిద్దరినీ ఒకేసారి, ఎవరి పద్ధతిలో వారిని, అంత నెమ్మదిగా ఓదార్చిన మనిషిని నేను మరొకరిని చూడలేదు.

ఆవిడకు ఆటిజం ఉన్నదని నలభై దాటాక గాని ఎవరూ చెప్పలేదట. ఆ తరువాతి వారాల్లో నాకు పెద్ద పెద్ద ఉత్తరాలు రాశారు. ధారావాహిక డారియాకు ఆటిజం ఉన్నదని చెప్పదని, బొమ్మ పాత్రకు మనం రోగనిర్ధారణ చేయవలసిన పని కూడా లేదని, అయితే మీ అమ్మాయి ఆ పాత్రలో దేన్ని చూసి తనదనుకుంటున్నదో అదే తను మీకు చెప్పలేకపోతున్న సంగతి అని మొదటి ఉత్తరంలోనే రాశారు. రోజూ అవే బట్టలు వేసుకోవడం పొద్దున్నే తేల్చుకోవలసిన విషయాలను ఒకటి తగ్గిస్తుంది, ఒంటికి అలవాటైన స్పర్శ మారకుండా ఉంటుంది. స్వరంలో ఎత్తుపల్లాలు లేనంత మాత్రాన లోపల బాధ లేదని కాదు. జేన్ అనే ఒక్క స్నేహితురాలితో సరిపెట్టుకోవడం కూడా లోటు కాకపోవచ్చు. చూసిందే చూడటం ఎందుకంటే తరువాత ఏమవుతుందో ముందే తెలిసిన చోట మనసు కాపలా మాని కాస్త విశ్రాంతి తీసుకుంటుంది. మా అమ్మాయి తిండి దగ్గర, స్నానం దగ్గర డారియా సంభాషణలనే అప్పజెబుతూ ఉంటే మాకు అయోమయంగా ఉండేది; సొంత మాటలు కూడదీసుకోలేనంత అలసటలో ఉన్నవారికి సిద్ధంగా ఉన్న వాక్యాలు అక్కరకు వస్తాయని ఆవిడ చెప్పాకే, ఏ పూట ఏ సంభాషణ వస్తున్నదో గమనించడం నేర్చుకున్నాను.

అన్నిటికంటే నన్ను కదిలించింది డారియా చెల్లెలు క్విన్ గురించి ఆవిడ రాసిన పేజీలు. బడిలో క్విన్‌కు ఎంతో ఆదరణ ఉంటుంది. ఆ ఆదరణ నిలుపుకోవడానికి తన తెలివిని దాచుకుంటుంది, డారియా తన అక్క అని చెప్పుకోకుండా తప్పించుకుంటుంది. క్విన్‌కు ఆటిజం ఉన్నదని కాదు, కానీ ఎదుటివారికి నచ్చే ముఖాన్ని రోజంతా మోయడానికి ఎంత శ్రమ అవుతుందో ఆ పిల్లను చూస్తే తెలుస్తుంది, ఆటిజం ఉన్న ఆడపిల్లలు ఎందరో చేసే మాస్కింగ్‌లో, అంటే తమ తీరును దాచుకుని నలుగురిలా కనబడటంలో, ఉన్నది ఆ శ్రమే, అని రాశారు. నేను ఆ ఉత్తరాన్ని మా అమ్మాయి గదిలో పెట్టి వచ్చాను. మరునాడు కాగితం వెనక తన చేతిరాతలో ఇలా ఉంది: “బడిలో నేను క్విన్‌ని. ఇంట్లో డారియాని. మధ్యలో బస్సులో ఎవరినీ కాను.”

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మొదటిసారి చూసిన నిపుణులు మా అమ్మాయికి ఒక బొమ్మ చూపించి కథ చెప్పమన్నారు, చక్కగా చెప్పింది. కళ్ళలోకి చూసింది, మార్కులు బాగున్నాయి, స్నేహితులున్నారు, కనుక ఇది ఆటిజం కాదు, వయసుతో వచ్చే మూడీతనం అని రాసి పంపించారు. ‘డారియా’ మొదటి ఎపిసోడ్‌లో కూడా బడి సైకాలజిస్టు ఒక బొమ్మ చూపించి కథ చెప్పమంటుంది, డారియా వెటకారంగా జవాబిస్తుంది, ఆత్మగౌరవం తక్కువగా ఉందని తేల్చి ఆమెను ప్రత్యేక తరగతిలో వేస్తారు. ఆ ఎపిసోడ్ మా పిల్ల అన్నిసార్లు ఎందుకు చూసిందో ఇప్పుడు తెలుస్తోంది. పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం గురించి 1943లో రాసిన వ్యాసంలో వర్ణించిన పదకొండు మంది పిల్లల్లో ముగ్గురు ఆడపిల్లలే. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో ప్రచురించిన, నిపుణులు రోగనిర్ధారణకు వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకంలో, ఆటిజం లక్షణాలు పెద్దయ్యేకొద్దీ నేర్చుకున్న ఉపాయాల వెనక మరుగున పడిపోవచ్చని స్పష్టంగా ఉంది. అలాంటప్పుడు, బాగా నేర్చుకున్నందుకే పిల్లను వెనక్కి పంపించేసి, మళ్ళీ వరసలో నిలబడి, మళ్ళీ రుసుము కట్టి, మళ్ళీ అదే లౌడ్‌స్పీకర్ కింద కూర్చోమనడం ఏ విధంగా న్యాయం? బడివారు కూడా, కాగితం లేనిదే తరగతిలో హెడ్‌ఫోన్లు పెట్టుకోనివ్వం అన్నారు. కాగితం ఇచ్చేవారేమో, బడిలో బాగానే ఉంటోంది కదా అన్నారు. ఈ రెంటి మధ్య ఒక పిల్ల మాట పడిపోయింది.

రెండోసారి వెళ్ళేముందు ఆవిడ, బయటికి కనబడనివాటిని మాత్రమే రాసుకురమ్మని నాకు చెప్పారు: బడి నుంచి వచ్చాక ఎంతసేపు చీకట్లో ఉంటుంది, ఫోను చేసేముందు ఏమేం మాటలు కాగితం మీద రాసుకుంటుంది, నవ్వు అద్దం ముందు నేర్చుకుందా, ఏ గుడ్డ ఒంటికి తగిలితే ఏడుస్తుంది. కొన్నిటికి జవాబులు నాకు మా అమ్మాయే రాసిచ్చింది. ఈసారి చూసిన నిపుణురాలు ఆ కాగితాలన్నీ ఓపికగా చదివారు, ఆమెకు కూడా నా నమస్కారాలు. ఉత్తరాలు రాసిన ఆవిడ ఆ రోజు తన పనులన్నీ మానుకుని వచ్చి, లోపలికి పిలిచేదాకా మా అమ్మాయితో కలిసి బయట మెట్ల మీద కూర్చున్నారు.

ఆవిడ రాసిన చివరి ఉత్తరం ‘బాక్సింగ్ డారియా’ అనే ఎపిసోడ్ గురించి. ఇంటికి ఫ్రిజ్ వచ్చిన పెద్ద అట్టపెట్టెను చూడగానే డారియాకు ఒక పాత సంగతి గుర్తుకొస్తుంది: పిల్ల ఎవరితోనూ కలవడం లేదని బడివారు పదే పదే పిలిపిస్తూ ఉంటే తల్లిదండ్రులు తన గురించే గొడవపడ్డారు, తండ్రి కోపంగా ఇల్లు విడిచి వెళ్ళాడు, ఆరేళ్ళ డారియా అట్టపెట్టెలో దూరి కూర్చుంది. ఆ ఇంట్లో తలా ఒక పెట్టె ఉన్నదని ఆవిడ చెబుతారు. తండ్రి జేక్‌కు వార్తాపత్రిక, తనను సైనిక పాఠశాలకు పంపిన తండ్రి మీద కోపం. లాయరైన తల్లి హెలెన్‌కు చెవికి అంటుకున్న ఫోను. డారియా పెట్టె ఒక్కటే అందరి కంట పడింది. ఆటిజం ఉన్నవారే అయిన పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో ప్రతిపాదించిన ఆలోచనను కూడా ఆవిడే నాకు పరిచయం చేశారు: అర్థం చేసుకోలేకపోవడం ఒక్క ఆటిజం ఉన్నవారి లోపం కాదు, అది రెండు వైపుల నుంచీ జరుగుతుంది. మా వారూ నేనూ ఆ ఎపిసోడ్ కలిసి చూశాం. అయిపోయాక ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తరువాత లేచి వెళ్ళి, పిల్ల గది ఎదురుగా ఉన్న టీవీని ఇంటి అవతలి కొసకు మార్చారు.

అమ్మా, మీకు ఏమిచ్చి రుణం తీర్చుకోగలను? మీ చిన్నతనంలో ఎవరూ మీ పక్కన నేల మీద కూర్చోలేదని ఒకచోట ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. అది చదివిన దగ్గరి నుంచి నాకు మనసు మనసులో లేదు.

అయ్యో, గ్రంథాలయం చూసే మాస్టారిని మరిచిపోయాను, భోజన విరామంలో లోపలి గది తాళం మా అమ్మాయికే ఇచ్చేవారు. పై అంతస్తువారు మేము అడగగానే డ్రిల్లింగ్ పని వాయిదా వేసుకున్నారు. నివేదిక ప్రతులు తీసిచ్చిన గుమాస్తాగారికి, రెండోసారి మమ్మల్ని తీసుకువెళ్ళి దారి పొడవునా రేడియో ఆపి ఉంచిన డ్రైవరుగారికి కూడా నమస్కారాలు. మా చిన్నాడపడుచు కూతురు ఎపిసోడ్లన్నీ వరుసగా సర్దిపెట్టింది, ఆ పేరు పైన రాయనందుకు అలగదని నమ్ముతున్నాను. చివరగా మా అమ్మాయి చేర్చమన్న మాట: ‘బాక్సింగ్ డారియా’ ఉత్తరంలో రెండు విషయాలతో తను ఏకీభవించడం లేదట, జవాబు రాస్తోందట, ఇప్పటికి సగం అయిందట, ఆవిడను కాస్త ఆగమని చెప్పమంది.