భక్తి పుస్తకమని పక్కన పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో తెలుగులో వస్తున్న కాల్పనికేతర రచనల మీద వ్యాసం చదివాను. ఆత్మకథలు, యాత్రలు, సినిమా వాళ్ళ జ్ఞాపకాలు, సేద్యం మీద, ఆరోగ్యం మీద వచ్చిన పుస్తకాలు అన్నింటినీ లెక్కలోకి తీసుకున్నారు, చాలా సంతోషం. కానీ ఒక మామూలు మనిషి తన ఇంట్లో కూర్చుని తన మతగ్రంథాన్ని రోజూ ఎలా చదువుకుంటున్నాడో, ఏది అర్థమైందో, ఏది ఎంత చదివినా అంతుపట్టలేదో రాస్తే, అది ఏ కోవలోకి వస్తుందో ఆ వ్యాసంలో లేదు. భక్తి సాహిత్యం సంగతి వేరు అని ఒక్క వాక్యంతో దాటేశారు. ఆ వాక్యం నాకు బాధ కలిగించింది, అందుకే రాస్తున్నాను.

నేను ఒంగోలులో ఉంటాను. ఇంతవరకు నవలలే రాశాను. అన్నీ మా వైపు క్రైస్తవ కుటుంబాల కథలే, మిషన్ కాంపౌండ్ పక్కన పెరిగిన పిల్లలు, పొగాకు గ్రేడింగ్‌కి వెళ్ళే ఆడవాళ్ళు, బైబిల్ ఉమెన్‌గా, అంటే ఆడవాళ్ళకి బైబిల్ చెప్పడానికి, ఊరూరా నడిచిన పెద్దమ్మలు. ఇప్పుడు కల్పన మానేసి, నేను ఒంటరిగా వాక్యం, అంటే బైబిల్, చదువుకునే తీరు గురించి ఒక పుస్తకం రాస్తున్నాను. ఆ మాట బయటికి చెప్పగానే రెండు వైపుల నుంచీ అడ్డు వచ్చింది. సంఘంలో కొందరు పెద్దలు, వాక్యం చెప్పడం అయ్యగార్ల (పాస్టర్ల) పని, నీకెందుకమ్మా, నవలలు రాసుకో అన్నారు. సాహిత్యం మిత్రులేమో, మంచి నవలలు రాసుకుంటున్న మీరు ఈ ప్రసంగాల్లోకి ఎందుకండీ అన్నారు. ఇద్దరూ అనుకున్నది ఒకటే, బైబిల్ గురించి ఎవరు ఏం రాసినా అది ప్రసంగమే అయి తీరుతుందని. నేను రాస్తున్నది ప్రసంగం కాదు, ఎవరికీ బోధ చేయడం లేదు. చదివేటప్పుడు నాకేం జరుగుతుందో చెప్తున్నాను, అంతే.

అసలు ఈ పుస్తకం అడిగింది నా నవలలు చదివిన ఆడవాళ్ళే. కావలి నుంచి, సింగరాయకొండ నుంచి, పొదిలి నుంచి ఫోన్ చేసి కథ గురించి నాలుగు మాటలు మాట్లాడాక, అక్కా, మీరు బైబిల్ ఎట్లా చదువుతారు, మాకు మూడు అధ్యాయాలు చదివినా లేచేసరికి ఏమీ గుర్తుండదు అంటారు. చాలామంది చేతిలో ఒక చార్ట్ ఉంటుంది. బైబిల్లో మొత్తం 1,189 అధ్యాయాలు, రోజుకి మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో పూర్తవుతుందని లెక్క. లెక్క సరిగానే ఉంది. కానీ ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చి వారం రోజులు తప్పిపోతే ఆ అధ్యాయాలన్నీ బాకీ పడ్డట్టు టెన్షన్ పడిపోయి, బలుల నియమాలుండే మూడో పుస్తకం లేవీయకాండం దగ్గర మొత్తం మానేసిన వాళ్ళు నాకు ఎంతమందో తెలుసు. వాళ్ళకి ఇంకో ప్రసంగం అవసరం లేదు. పక్కింటావిడ ఎలా చదువుతోందో తెలిస్తే చాలు.

నేను ఎలా చదువుతానో ఒక ఉదాహరణ చెప్తాను, అప్పుడు నవలకీ దీనికీ తేడా కూడా మీకు తెలుస్తుంది. బైబిల్లో రూతు గ్రంథం నాలుగే అధ్యాయాలు. నెల్లూరు మాగాణి తెలిసిన వాళ్ళకి అది పరాయి దేశం కథలా ఉండదు, కోత కోసిన చేలో వెనకాల పరిగె ఏరుకునే పేదింటి ఆడవాళ్ళు మనకి తెలుసు, కళ్ళం తెలుసు, కరువొచ్చి ఊరొదిలి వెళ్ళడం తెలుసు. అందులో నయోమి అనే అత్తకి రూతు ఒక కోడలు, ఓర్పా అని ఇంకో కోడలు ఉంది. మోయాబు దేశంలో మొగుడు చచ్చిపోయాక ఓర్పా అత్తతో ఆమె సొంతూరు బేత్లెహేము వైపు కొంత దూరం బయల్దేరి, ఏడ్చి, అత్తకి ముద్దు పెట్టి వెనక్కి వెళ్ళిపోయింది. రూతు మాత్రం అత్తతోనే వెళ్ళింది. మన ప్రసంగాల్లో ఆమెని నమ్మకం లేనిదానిలా చూపిస్తారు, రూతు గొప్పతనం చెప్పడానికి ఓర్పాని తక్కువ చేస్తారు. ఆ మొదటి అధ్యాయం వారం రోజులు అదే పనిగా గట్టిగా చదివితే ఒక సంగతి కనిపించింది. వెళ్ళమన్నది నయోమే. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ వెళ్ళమంది. వెళ్ళమంటూ ఇద్దరికీ దీవెన కూడా ఇచ్చింది, మీరు నాకూ చనిపోయిన వాళ్ళకీ దయ చూపించారు, దేవుడు మీకు అలాగే దయ చూపించాలి అని. ఆ దీవెనలో ఓర్పా కూడా ఉంది. తర్వాత ఆమె గురించి గ్రంథంలో ఒక్క మంచి మాట లేదు, ఒక్క చెడ్డ మాటా లేదు.

నవల రాసేటప్పుడైతే నేను ఇక్కడ ఆగను. ఓర్పా వెనుక మోయాబు వెళ్తాను, పుట్టింటి వాళ్ళు ఏమన్నారో రాస్తాను, మళ్ళీ పెళ్ళి చేస్తాను, ఏళ్ళ తర్వాత బేత్లెహేము నుంచి ఎవరో ఒక కబురు తెచ్చినట్టు కల్పిస్తాను. అది నా వృత్తి, అందులో తప్పేమీ లేదు, పాఠకులకి కూడా అది కథ అని తెలుసు. కానీ నేను ఇలా చదివాను అని చెప్పే పుస్తకంలో వాక్యం ఆగిన చోట నేనూ ఆగాలి. ఊహ చేస్తే, ఇది ఊహ అని ఆ పేరాలోనే చెప్పాలి. వినడానికి చిన్న నియమంలా ఉంటుంది, నవలలు రాసి రాసి అలవాటైన చేతికి ఇది చాలా కష్టం. ఖాళీ కనబడగానే నింపబుద్ధవుతుంది.

ఇంకో ఉదాహరణ మన చర్చిల్లో అందరికీ తెలిసిందే. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు పంచుతారు కదా, వాటిలో తరచుగా వచ్చేది యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం, దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవేగాని హానికరమైనవి కావన్న మాట. కార్డు తెచ్చి దేవుని పటం పక్కనో బీరువా తలుపుకో అంటిస్తాం. ఆ వచనం ఒక్కటే చదవకుండా ముందు అధ్యాయం నుంచి చదవండి. 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్ళు రెండేళ్ళలో తిరిగొచ్చేస్తారని దేవాలయంలో అందరి ముందూ చెప్పాడు. దానికి యిర్మీయా మొదట ఆమేన్ అన్నాడు, దేవుడు అలాగే చేయుగాక అన్నాడు. ఆయనకీ అలా జరిగితే బాగుండుననే ఉంది. కానీ నిజం అది కాదని తెలిశాక, చెరలో ఉన్న వాళ్ళకి ఉత్తరం రాసి, ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకి పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న ఊరి క్షేమం కోసం ప్రార్థన చేయండి, 70 ఏళ్ళు పడుతుంది అన్నాడు. మన వచనం ఆ 70 ఏళ్ళ మాట వెంటనే వస్తుంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది సొంతూరు మళ్ళీ చూడరు. అది తెలిసే వాళ్ళు ఆ వాగ్దానం విన్నారు.

కనిగిరి, పామూరు వైపు నుంచి హైదరాబాదుకో బెంగళూరుకో పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయిన కుటుంబాలు మా సంఘాల్లో ఎన్నో ఉన్నాయి. ఈ వచనం వాళ్ళకి కార్డు మీద ఒకలా ఉంటుంది, ఆ ఉత్తరం మొత్తం చదివాక ఇంకోలా ఉంటుంది. నాకైతే మొత్తం చదివాకే అది బలంగా అనిపించింది, ఈ ఏడాదే అన్నీ జరిగిపోవాలన్న తొందర తగ్గింది.

పుస్తకం రాస్తూ నాకు బాగా బరువనిపించిన భాగం ఏమీ దొరకని రోజుల గురించి. మన సాక్ష్యాల కూటాల్లో ప్రతి సాక్ష్యమూ విజయంతోనే ముగియాలి, రోగం వచ్చింది ప్రార్థన చేశాం తగ్గింది, అప్పు ఉంది తీరింది. తగ్గని రోగం ఉన్న మనిషి లేచి నిలబడదు, నిలబడినా ఏం చెప్పాలో తెలీదు. 88వ కీర్తన చూడండి. మొదలు నుంచి చివరి దాకా మొర, చివర చీకటే తనకు చుట్టమని చెప్పి ఆగిపోతుంది, చాలా మొర కీర్తనల్లో వచ్చినట్టు స్తుతి మాటేదీ దీని చివర రాదు. అలాంటి కీర్తన బైబిల్లో ఉన్నప్పుడు, ఈ రోజు చదివాను, ఏమీ వినపడలేదు అని నా పుస్తకంలో ఒక పేజీ ఉంటే తప్పేంటి? విజయం రానిచోట విజయం అంటించడం నవలలో అయితే బలహీనమైన ముగింపు. సాక్ష్యంలో అయితే అది అబద్ధం. ఇదే కారణంగా మహిళా కూటంలో నమ్మకంతో చెప్పుకున్న ప్రార్థన విన్నపాలు కూడా పుస్తకంలో వాడను, పేరు మార్చి కూడా వాడను.

సంఘ పెద్దలకి ఒక మాట. అపొస్తలుడైన పౌలు చెప్పిన బోధనే బెరయ అనే ఊరి వాళ్ళు రోజూ లేఖనాలు తిరగేసి సరిచూసుకున్నారు, అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం వాళ్ళని ఘనులని మెచ్చుకుంది. లూకా తన సువార్త మొదలుపెడుతూనే, కళ్ళారా చూసిన వాళ్ళు అప్పగించిన దాన్ని తాను మొదటి నుంచీ తరచి తెలుసుకుని రాస్తున్నానని చెప్పుకున్నాడు. తనకి ఎలా తెలిసిందో పాఠకుడికి చెప్పి మొదలుపెట్టాడు. నేను చేస్తున్నది అంతకన్నా ఎంతో చిన్న పని.

ఇక మన జిల్లా సంగతి. 1876-78 నాటి ధాత కరువు తర్వాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మా చర్చిల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. వాళ్ళలో ఎక్కువమందికి చదువు లేదు, వాక్యం విని నోటికి పట్టారు. రామాయపట్నం సెమినరీలో కొందరు చదువుకుని బోధకులయ్యారు. అయితే ఆ తొలి తరం మాదిగ పెద్దలు, బోధకులు తమ విశ్వాసం గురించి చెప్పుకున్న కథల్ని 1899లో పుస్తకంగా తెచ్చింది ఎవరు? ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారి రెండో భార్య ఎమ్మా రోషెన్‌బుష్ క్లౌ, అదీ ఇంగ్లీషులో. ఆమె వాళ్ళ మాటలు శ్రద్ధగా విని రాసినందుకు నాకు ఆమె మీద గౌరవం ఉంది. కానీ అది ఒకరు అడిగితే వీళ్ళు చెప్పింది. ఆ తర్వాత తరాలు తరాలు చదువుకున్నాం, టీచర్లమయ్యాం, నర్సులమయ్యాం, ఉద్యోగాలు చేశాం. పాటలు రాసుకున్నాం, ప్రసంగాలు అచ్చు వేసుకున్నాం, వ్యాఖ్యానాలు వచ్చాయి. మా అవ్వ చేతిలో అంచులు నలిగిన బైబిల్‌లో ఆమె ఏం చదివిందో, ఏ వచనం దగ్గర ఆగిందో ఆమె చేతి రాతలో ఒక్క పేజీ లేదు. ఎవరూ ఆమెని రాయమనలేదు, రాస్తే వేసే పత్రిక ఉందని ఆమెకి తెలీదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. క్రిస్మస్‌కీ గుడ్ ఫ్రైడేకీ మా గురించి ఒక పేజీ వేస్తారు, చర్చి ఫోటో, పండగ సందేశం, అంతటితో సరి. మిగతా ఏడాదంతా కూడా సాహిత్యం పేజీలో ఇలాంటి రాతలకి చోటివ్వండి. బైబిల్ చదివేవాళ్ళవి మాత్రమే కాదు, రోజూ ఖురాన్ చదివే ఉదయగిరి పెద్దాయన రాసినా, భాగవతం పారాయణ చేసే నెల్లూరు అమ్మగారు రాసినా, నేను చదివింది ఇది, నాకు తట్టింది ఇది అని నిజాయితీగా రాస్తే వేయండి. క్రీస్తు కథని పద్యంగా చెప్పిన జాషువా గారికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చినప్పుడు అది భక్తి పుస్తకం కదా అని ఎవరూ పక్కన పెట్టలేదు. పద్యానికి ఉన్న మర్యాద వచనానికి ఎందుకు ఉండదు?

నా పుస్తకం అచ్చయ్యాక మీకు ఒక ప్రతి పంపుతాను. దాన్ని నవలలు సమీక్షించే వాళ్ళకే ఇవ్వండి. నేను రాసిన తీరు బాగోలేకపోతే బాగోలేదని రాయనివ్వండి, ఎక్కడైనా వాక్యంలో లేనిది ఉన్నట్టు రాశానని కనబడితే ఆ పేజీ నంబరు వేసి మరీ రాయమనండి.

ఇట్లు,
ఒక నవలా రచయిత్రి,
ఒంగోలు.